చక్కెర మేసే పెరుగు

పెరుగన్నం తిని డ్యూటీకి వెళ్ళిన మనిషిని తాగుబోతని ఉద్యోగంలోంచి తీసేయబోయారంటే మీరు నమ్ముతారా? నమ్మరు. ఆ మనిషి మా పక్కింటి గౌరునాయుడు కాకపోతే, ఆ పెరుగు మా వంటింట్లోంచి వెళ్ళినది కాకపోతే నేనూ నమ్మేదాన్ని కాదు.

మాది అనకాపల్లి. బెల్లం ఊరు. గానుగలాడే రోజుల్లో ఇక్కడ గాలి పీలిస్తేనే కడుపు సగం నిండుతుంది. అలాంటి ఊళ్ళో షుగరు జబ్బు లేని ముసలాళ్ళు ఉంటారా? మా అత్తగారికి కూడా అదే ఉండుంటుంది గాని, ఆ కాలంలో దానికి పేరు లేదు. నీరసం అనేవారు. నీరసానికి మందేమిటంటే బెల్లం పానకం! అలా మందు తాగీ తాగీ ఆవిడ వెళ్ళిపోయింది. నా దగ్గరికొచ్చేసరికి జబ్బుకి పేరొచ్చింది, మాత్రలొచ్చాయి, తీపి తినకూడదన్న మాటొచ్చింది.

నా మనవరాలు హిమజ కొండవార కొత్తగా కట్టిన ల్యాబులో సైంటిస్టు. మా అబ్బాయీ కోడలూ పాడేరు వైపు బడిపంతుళ్ళు కనక పిల్ల చిన్నప్పటినుంచీ నా దగ్గరే పెరిగింది. కంటికి కనపడని పురుగులతో దానికి పని. ఒకరోజు స్టీలు డబ్బాతో ఇంటికొచ్చి, కొత్త పెళ్ళికూతురిని దింపినట్టు దాన్ని గట్టు మీద దింపింది.

"మామ్మా, ఇది పెరుగే. కానీ ఇందులో పురుగుకి మేం చిన్న మరమ్మతు చేశాం. నువ్వు తిన్నదాంట్లో చక్కెరని రక్తంలోకి పోనివ్వకుండా కడుపులోనే మేసేస్తుంది. రోజూ తిను. ఈ పెరుగుతోనే మర్నాటికి తోడు పెట్టుకో. మళ్ళీ అదే పెరుగు వస్తుంది."

"మందు దానంతటదే పుడుతుందన్నమాట."

"అదే కదా మామ్మా గొప్ప! ఫ్యాక్టరీ అక్కర్లేదు, మాత్ర అక్కర్లేదు. దేశంలో గేదె ఉన్న ప్రతి ఇల్లూ మందుల షాపే!"

ఊళ్ళో షుగరున్న వాళ్ళని కొందరిని ఎంచి ఆ పెరుగు తినిపించి చూస్తున్నారు. అందులో నేనొకదాన్ని. షరతులు రెండే. తీపి ముట్టకూడదు. ఆ పెరుగు ఇంకెవరికీ పెట్టకూడదు. నేను రెండూ పాటించాను. చెప్పొద్దూ, కొన్నాళ్ళకే నా రక్తం పరీక్ష చూసి డాక్టరు రెండోసారి చేయించాడు, ఎవరిదో మారిపోయిందేమోనని. కాళ్ళ తిమ్మిర్లు పోయాయి. చత్వారం కూడా తగ్గిందనుకున్నాను గాని, అది కళ్ళజోడు తుడిచినందువల్ల.

హిమజ పై ఆఫీసరు పట్నాయక్ గారు ఒకసారి మా ఇంటికొచ్చి, నా పెరుగు గిన్నెకి ఫొటోలు తీసుకున్నాడు. ఈ పెరుగుని కంపెనీ వాళ్ళు పొట్లాల్లో అమ్ముతారట, నెలనెలా కొనుక్కోవాలట.

"తోడు పెట్టుకుంటే ఇంట్లోనే వస్తుంది కదండీ, కొనడం ఎందుకు?" అన్నాను.

"అందుకే అమ్మా, ఇంట్లో తోడు పెట్టకూడదని చట్టం కోసం ఢిల్లీలో మాట్లాడుతున్నాం" అన్నాడు, నవ్వకుండా.

నేనే నవ్వాను. హాస్యమాడుతున్నాడనుకున్నాను.

ఇక గిన్నె సంగతి. మా పక్కింటి బంగారమ్మ, అంటే గౌరునాయుడి భార్య, ముందురోజు గిన్నెడు పనసపొట్టు కూర పంపింది. పొద్దున్నే హిమజ ల్యాబుకి బయల్దేరుతుంటే గోడ మీంచి కేకేసింది.

"ఒసే హిమజా, నా గిన్ని ఇలగిచ్చీయే, పాలు కాసుకోవాల!"

హిమజ గిన్నె కడిగింది. కడిగిన గిన్నె ఖాళీగా తిరిగివ్వడం మా ఇళ్ళల్లో లేదు. కరివేపాకు రెబ్బో, చిక్కుడుకాయలో, ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. ఆ పిల్ల అటు చూసింది, ఇటు చూసింది. బుట్టలో కూరలు లేవు, గూట్లో అరటిపళ్ళు లేవు. భుజాన సంచీ, నోట్లో జడ పిన్ను. గట్టు మీదున్న గిన్నెలోంచి రెండు గరిటెలు పెరుగు వేసి గోడ మీంచి అందించేసి పరిగెత్తింది. షరతులు రాసింది అదే, అందరికీ చదివి వినిపించింది అదే. కానీ చెయ్యి పెరిగింది మా ఇంట్లో కదా.

ల్యాబుకెళ్ళి చేతులకి తొడుగులు వేసుకుంటున్నప్పుడు గుర్తొచ్చిందట. ఫోను చేసింది.

"మామ్మా, పిన్ని గిన్నెలో నేనేం వేశాను?"

"పెరుగు."

"వెళ్ళి తెచ్చెయ్ మామ్మా. ఇప్పుడే."

వెళ్ళాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

"అదా? సగం తినీసినాం, సగం పాలల్లో తోడేసీసినాను. ఎదురింటోలకీ కూసింత ఇచ్చేను. ఎంత గట్టిగా తోడుకున్నాదో నూకాలప్పా! సాకుతో కొయ్యాల!" అంది బంగారమ్మ.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పెరుగు రుచి అలాంటిది. వెన్నపూసలా ఉండేది. బంగారమ్మ చెయ్యి పెద్దది. అడిగిన వాళ్ళకీ తోడిచ్చింది, అడగని వాళ్ళకీ ఇచ్చింది. మా వీధి నుంచి వెనక వీధికి, అక్కణ్ణించి బెల్లం మార్కెట్టు దాకా, టీకొట్లకీ మెస్సులకీ కళ్యాణమండపానికీ ఆ పెరుగే పాకింది. హిమజ మాత్రం ల్యాబులో నోరు విప్పలేదు. భయం. మంచి పురుగే కదా, ఎవరికేం కాదులే అని తనకి తనే చెప్పుకుంటూ, రోజూ గోడ మీంచి తొంగి చూసి అడిగేది.

"బాబాయ్, ఒంట్లో ఎలా ఉంది?"

"నాకేటయినాదే? నువ్వే నీరసంగా ఉన్నావు. కూసింత బెల్లం తిను" అనేవాడు గౌరునాయుడు.

గౌరునాయుడు ఆర్టీసీ డ్రైవరు. వాళ్ళ నాన్న తాగి తాగి, ఇంట్లో ఇత్తడి బిందె దగ్గర్నుంచీ అన్నీ అమ్మేసి పోయాడు. ఆ రోజున ఈ అబ్బాయి తల్లి చేతిలో చెయ్యేసి, నాలిక మీద చుక్క పడనివ్వనని ఒట్టేశాడు. ఆ ఒట్టు ఎలాంటిదంటే, దగ్గు మందులో సారా ఉంటుందని ఎవరో అంటే, దగ్గుతూనే ఏడాది గడిపాడు. తాటిముంజెలు తినడు. కల్లు చెట్టు కాయలేనట అవి! ఎండలో తాటిచెట్టు నీడన నిలబడమన్నా నిలబడడు. డిపోలో తోటివాళ్ళు సాయంత్రం సీసా పేరెత్తితే చాలు, వాళ్ళకి గంటసేపు నీతులు చెప్పేవాడు. ఆ గంట తప్పించుకోడానికి కొందరు తాగుడు మానేశారని కూడా చెప్పుకునేవారు.

అతని పొద్దుటి తిండి చద్దన్నంలో పెరుగు, నంజుకోడానికి ఉల్లిపాయ, పైన పిడికెడు బెల్లం ముక్క.

డిపోలో బస్సెక్కే ముందు ప్రతి డ్రైవరూ ఒక మిషనులో ఊదాలి. తాగినవాడైతే అది కూస్తుంది. ఒకరోజు గౌరునాయుడు ఊదితే కుయ్యిమంది. మిషను పాడైందన్నారు. ఇంకోటి తెచ్చారు. అదీ కూసింది. వెనకాల వరసలో నిలబడ్డ, రాత్రి నిజంగానే తాగొచ్చిన ఒకాయన ఊదితే కిక్కురుమనలేదు!

"ఇన్నేళ్ళూ మాకు నీతులు సెప్పింది నువ్వేనేటి నాయుడన్నా!" అని డిపో డిపో అంతా నవ్వు.

సస్పెండు చేశారు. విచారణలో తప్పు తేలితే ఉద్యోగం పోయినట్టే. ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. బంగారమ్మ దగ్గరకొచ్చి వాసన చూసి, చేతిలో చేట విసిరేసింది.

"సీ! నీ నోరు కంపు కొడతన్నాది!"

"నీ నోరేటి, సంపెంగి పూవా? అదే కంపు!"

"నానాడదాన్ని! నానెక్కడ తాగుతాను?"

"మరి నానెక్కడ తాగేను?"

అలా ఇద్దరూ ఒకరి నోరొకరు వాసన చూసుకుంటూ కాసేపు తిట్టుకున్నారు. తర్వాత మొగుడూ పెళ్ళాలిద్దరూ గోడకి ఆనుకుని, కారణం తెలియకుండా నవ్వడం మొదలెట్టారు. నవ్వి నవ్వి గౌరునాయుడు ఏడ్చేశాడు. "నా ఒట్టు పోనాదే బంగారీ" అన్నాడు. గోడ ఇవతల నిలబడి హిమజ అంతా విన్నది.

అప్పుడు గాని మాకు వీధి సంగతి వెలగలేదు. కొన్నాళ్ళుగా వీధిలో తగువుల్లేవు. కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని ఆడవాళ్ళు కోరస్ పాటలు పాడుతున్నారు. బెల్లం మార్కెట్టులో ఇంకా విడ్డూరం. అక్కడ వర్తకులు దిమ్మ నుంచి ముక్క గిల్లి, నోట్లో వేసుకుని, రుచి చూసి వేలం పాట పాడతారు కదా. నాలుగు దిమ్మలు రుచి చూసేసరికి వాళ్ళకి లోకమంతా ఆత్మబంధువుల్లా కనిపించేదట. రైతుని కావిలించుకుని, "మావా, నీ బెల్లానికి ఎలకట్టే మొనగాడెవడు!" అని రేటు పెంచేసేవారట. ఒకాయన తన పాట మీద తనే పాట పెంచుకుంటూ పోయాడు. రైతులు ఇళ్ళకి కొత్త పెంకు వేయించుకున్నారు.

హిమజ మా వంటింట్లోనే ఒక సీసాలో ఆ పెరుగూ బెల్లం పానకం కలిపి, మూత బిగించి, గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో ఉంచింది. మర్నాడు మూత తిప్పేసరికి టప్పుమని ఎగిరి అటక మీద పడింది. ఇల్లంతా సారా వాసన.

"మామ్మా, తీపి తక్కువైతే ఆ పురుగు బుద్ధిగా మేసి ఊరుకుంటోంది. తీపి ఎక్కువ దొరికితే మేసినదంతా పులియబెడుతోంది. మనిషి కడుపులోనే సారా కాస్తోంది."

"మరి నాకు రాలేదే?"

"నువ్వు తీపి తినవు కదా. మేం చూసిందంతా తీపి మానేసిన వాళ్ళనే. ట్రయల్లో ఒకావిడ మధ్యాహ్నాలు పాటలు పాడేది. వయసు వల్ల అని రాసుకున్నాం. దొంగతనంగా లడ్డూలు తినేదేమో!" అని నెత్తి కొట్టుకుంది.

వెళ్ళి పట్నాయక్ గారికి అంతా చెప్పేసింది. ఆయన కుర్చీలోంచి లేచి తలుపేశాడట.

"ఎవరికీ చెప్పకు. పేటెంటు చేతికి రాలేదింకా. అసలు మన పురుగుని దొంగతనంగా తోడు పెట్టుకున్నది వాళ్ళు. మనమే కేసు పెట్టొచ్చు."

"ఇచ్చింది నేను సార్."

"ఆ మాట బయటపడితే నీ ఉద్యోగం, నా ఉద్యోగం, ల్యాబూ అన్నీ పోతాయి. ఒక డ్రైవరు కోసమా?"

హిమజ ఇంటికొచ్చి అన్నం తినలేదు. "బాబాయికి ఏం చెప్పమంటావు మామ్మా?" అంది. ఆ పెరుగుతో నా కాళ్ళు బాగుపడ్డాయి. పక్కింట్లో మనిషి వాకిట్లోకి రావడం మానేశాడు.

ఇలాంటివి దాగవు. మిగతా డ్రైవర్లూ మిషను కూయించారు. బళ్ళో హెడ్మాస్టరు ప్రార్థనప్పుడు జెండా కర్రని కావిలించుకుని వదల్లేదు. పేపరు వాళ్ళొచ్చారు, ఎక్సైజు వాళ్ళొచ్చారు, ఆరోగ్య శాఖ వాళ్ళొచ్చి గిన్నెలు వాసన చూశారు. పెరుగులో ఉన్నది ల్యాబు పురుగేనని తేలింది గాని, అది గిన్నెల్లోకి ఎలా వచ్చిందో తేలలేదు. ఆఖరికి, దేశంలో ఇలాంటి మరమ్మతు పురుగుల విషయంలో ఏ చట్టం ఉండాలో తేల్చమని ఢిల్లీ నుంచి ఒక కమిటీని పంపారు. దాని పెద్ద భ్రమరాంబ గారని రిటైరైన జడ్జి, తెలుగావిడే. బహిరంగ విచారణ మా కళ్యాణమండపంలో పెట్టారు. వెనక గోడ మీద ముందురోజు పెళ్ళి తాలూకు థర్మాకోలు అక్షరాలు, జరీ పూలు ఇంకా తియ్యలేదు. జడ్జి గారు వధువు కుర్చీలో కూర్చున్నారు. పక్కన వరుడి కుర్చీలో ఎక్సైజు ఆయన.

ముందు ఆయనే లేచాడు. "మేడమ్, ఇది అక్రమ సారా. కాకపోతే బట్టీ మనిషి లోపలుంది. పన్ను ఎక్కడ వెయ్యాలో మాకు తోచడం లేదు."

"మనిషికి లేబులు అంటిస్తారా?" అంది జడ్జి గారు.

"ఆ ప్రతిపాదన కూడా పరిశీలనలో ఉందండి."

ఆరోగ్య శాఖ ఆవిడ, పెరుగు మొత్తం నిషేధించాలంది. రైతుల తరఫున కర్రి సన్యాసి లేచి, "అమ్మగారూ, బెల్లానికి ఇలాటి రేటు మా తాతలెరగరు. పెరుగు మీద సెయ్యేసేరంటే రోడ్డు మీద కూకుంటాం. ఇంకా సబ్సిడీ మీద ఇంటింటికీ పంచాల!" అన్నాడు. వెనకనుంచి చప్పట్లు. షుగరున్న ముసలాళ్ళం మేమొక వరస కూర్చున్నాం. మాలో ఒకాయన, "మా ప్రాణాలు నిలబడ్డాయి, మా పెరుగు మాకుంచండి" అన్నాడు. ఆ మాట నా నోట్లోదే. పైకి మాత్రం అనలేదు.

పట్నాయక్ గారు తెల్ల చొక్కా సర్దుకుని నిలబడ్డాడు. "ఈ ఊళ్ళో తోడుపెట్టిన ప్రతి గిన్నే మా ఆస్తికి దొంగ నకలు. ఆ గిన్నెలు జప్తు చేయించాలి."

బంగారమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "గిన్ని నాది బాబూ! మా అమ్మ నా పెళ్ళికెట్టింది. అడుగున నా పేరు కొట్టించుంది, సూసుకో!" అని బోర్లించి చూపించింది. హాలంతా గొల్లున నవ్వింది. జడ్జి గారు కళ్ళజోడు పెట్టుకుని ఆ పేరు చదివి మరీ తిరిగిచ్చింది.

అప్పుడు గౌరునాయుడిని పిలిచారు. డిపో మేనేజరు ఊదే మిషను బల్ల మీద పెట్టాడు.

"నాయుడు గారూ, పెరుగు వల్లే అంటున్నారు. ఇక్కడే అందరి ముందూ పెరుగు, బెల్లం తిని ఊదండి. నిజమైతే మీ ఉద్యోగం మీకే" అంది జడ్జి గారు.

గౌరునాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తిననమ్మా."

"ఎందుకని?"

"ఆ దినం తెలక తిన్నాను. కడుపులోకెల్లి సారా అయిపోద్దని ఇప్పుడు తెలిసింది. తెలిసి తింటే అది తాగుడే కదేటి? మా అమ్మ సేతిలో సెయ్యేసేను. ఉజ్జోగం కోసం తాగమంటారేటి?"

"మరి నిరూపణ లేకుండా నేనేం చెయ్యగలను?"

"నిజమేనమ్మా. మీరేటి సేత్తారు" అని వెళ్ళి బంగారమ్మ పక్కన కూర్చున్నాడు. బంగారమ్మ అతని వీపు మీద ఒక్కటిచ్చింది. అయినా ఆ చెయ్యి వీపు మీదనుంచి తియ్యలేదు.

మేనేజరు కాగితాలు సర్దుకున్నాడు. ఇంతలో భోజనాల వేళయింది. సన్యాసి లేచి, "అమ్మగారూ, భోంచేసి మాటాడుకుందాం. పూర్ణం బూర్లున్నాయి" అన్నాడు. విస్తళ్ళు వచ్చాయి. నా వెనక ఇద్దరు గుసగుసలాడుకుంటున్నారు. కమిటీ వాళ్ళు ఊళ్ళో దిగిన దగ్గర్నుంచీ మండపం వంటవాళ్ళు వాళ్ళకి ఈ పెరుగే వడ్డిస్తున్నారట. తీపి మాత్రం ఇవాళే పెడుతున్నారట. "బూరి కడుపులోకి ఎల్నీ, అమ్మగారే పాట పాడతాది. నాయుడి ఉజ్జోగం నాయుడికొచ్చీసినట్టే!" ఒక్కొక్కరే చెవులు కొరుక్కున్నారు. హాలంతా ముసిముసిగా నవ్వుతోంది. జడ్జి గారు బూరె చేతిలోకి తీసుకుంది.

నాకూ నచ్చింది ఆ ఉపాయం. ఎవరి పేరూ బయటపడదు, హిమజ ఉద్యోగం కూడా నిలుస్తుంది. తీరా చూస్తే హిమజ లేచి నిలబడి ఉంది.

"అమ్మా, అది తినకండి."

జడ్జి గారి చెయ్యి ఆగింది.

"మీరు ఇన్నాళ్ళూ తిన్నది ఆ పెరుగే. ఎవరూ మీకు చెప్పలేదు. బాబాయికీ ఎవరూ చెప్పలేదు. ల్యాబులోంచి తెచ్చిన పెరుగు వాళ్ళ గిన్నెలో వేసింది నేనే. నాకు తెలిసి కూడా ఇంతవరకూ నోరు మూసుకున్నాను."

పట్నాయక్ గారు తల పట్టుకున్నాడు. సన్యాసి, "ఒలమ్మా, పాడు సేసీసినాదిరా!" అన్నాడు.

"నిరూపణ కావాలంటే నేనున్నాను. కొన్నాళ్ళుగా నేనూ మా మామ్మ పెరుగే తింటున్నాను, తీపి మానేసి" అంటూ ముందుకెళ్ళి మిషనులో ఊదింది. కుయ్యిమనలేదు. జడ్జి గారి విస్తరి తనవైపు లాక్కుని, పెరుగన్నం కలుపుకుని, బూరె తర్వాత బూరె తిన్నది. ఊరు ఊరంతా క్రికెట్టు మ్యాచి చూసినట్టు ఆ పిల్ల నోటినే చూస్తోంది. నేను మాత్రం చూడలేకపోయాను. పక్కనున్న ఆయన నాకు వరస తప్పకుండా చెబుతున్నాడు. "సెవులెర్రబడ్డాయి... ఇప్పుడు ముక్కు... అదిగో, నవ్వుతన్నాది!"

మళ్ళీ ఊదింది. మిషను రైలింజనులా కూసింది. డిపో మేనేజరు రెండు చెవులూ మూసుకున్నాడు.

ఆపైన హిమజని ఆపే వాళ్ళెవరు? జడ్జి గారిని "అత్తా" అని పిలిచింది. ఎక్సైజు ఆయన దగ్గరికెళ్ళి, "లైసెన్సు ఏ పేగుకి రాస్తారండీ, చిన్నదానికా పెద్దదానికా?" అనడిగింది. పట్నాయక్ గారి చొక్కా గుండీ పట్టుకుని, "సార్, మీరు మంచోరే. కానీ మన పురుగు కంటే మీకే తీపి ఎక్కువ కావాలి" అంది. సన్యాసికి దణ్ణం పెట్టి, "మామయ్యా, మత్తులో పాడిన పాటకి నువ్వు పెంకు వేయించుకున్నావు. మత్తు దిగాక ఆ వర్తకుడి ఇంట్లో ఏడుపెవరు చూస్తారు?" అంది. సన్యాసి తల దించుకున్నాడు.

చివరికి మైకు పట్టుకుని ఏడ్చింది. "మా మామ్మకి కాళ్ళొచ్చాయి. అది నిజం. మా బాబాయి తల ఎత్తుకోలేకపోయాడు. అదీ నిజం. రెండూ నా పురుగు చేసినవే. నేను ఒక్కటే చెప్పుకుంటూ వచ్చాను." అంటూ వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. చిన్నప్పుడు కూడా అంతే, ఏడిస్తే నిద్రే.

జడ్జి గారు చాలాసేపు రాసుకుంది. గౌరునాయుడిని వెంటనే పనిలోకి తీసుకోమంది. వంటింటి నుంచి వంటింటికి నడిచిపోయే ఏ ప్రాణినైనా బయటికి వదిలే ముందు, తినేవాళ్ళొక్కరినే కాదు, వాళ్ళ వీధినీ అడగాలని చట్టంలో రాయాలంది. నష్టం జరిగితే చేసినవాళ్ళే భరించాలంది. ఇంట్లో తోడు పెట్టుకోడం ఈ దేశంలో ఎప్పటికీ నేరం కాకూడదని కూడా అంది. బంగారమ్మ ఆ మాటకి గిన్నె వాయించింది.

గౌరునాయుడు మళ్ళీ లేచాడు. "ఉజ్జోగం ఇచ్చేరు. దండాలమ్మా. మరి నా ఒట్టు సంగతేటి? పోయినట్టా, ఉన్నట్టా?"

జడ్జి గారు కళ్ళజోడు తీసింది. అటు ఎక్సైజు ఆయన్నీ ఇటు ఆరోగ్య శాఖ ఆవిడనీ చూసింది. "అది చెప్పే అధికారం నాకు లేదు నాయుడు గారూ" అంది.

ఆ తర్వాత ఊళ్ళో గిన్నెలన్నీ మరగబెట్టారు. పాపం మంచి పెరుగు, మరుగుతుంటే కూడా వెన్న వాసనే. కొత్త తోడు ఎలమంచిలి నుంచి క్యానుల్లో వచ్చింది. "నీల్లు! ఇదేటి పెరుగు, కుడితి!" అని బంగారమ్మ మొన్నటిదాకా తిడుతూనే ఉంది. తినడం మానేస్తే ఆ పురుగు కడుపులో బతకదట, కొన్నాళ్ళకే ఊరు ఊరంతటికీ మత్తు దిగింది. కుళాయి దగ్గర మళ్ళీ తగువులు. బెల్లం రేటు మామూలైంది. కొందరు వర్తకులు అప్పటి పాటలు గుర్తులేవన్నారు. నా షుగరు మళ్ళీ పెరిగింది, కాళ్ళు మళ్ళీ తిమ్మిరెక్కుతున్నాయి. హిమజని ల్యాబులోంచి పంపేశారు. తీపి ఎక్కువైనా పులియబెట్టని పురుగుని చెయ్యొచ్చని అది ఇప్పటికీ అంటుంది. ఈసారి వీధిని అడిగే చేస్తానంటుంది.

వీటన్నిటికంటే నన్ను బాధ పెట్టింది వేరే. గౌరునాయుడు ఎవరింట్లోనూ ఏమీ ముట్టడం మానేశాడు. డ్యూటీకి మంచినీళ్ళు కూడా ఇంటినుంచే. మా గుమ్మం ముందునుంచి వెళ్తూ తల తిప్పుకునేవాడు. కోపంతో కాదు, భయంతో. కోపమైతే నాలుగు మాటలతో పోయేది.

మొన్నొక సాయంత్రం డ్యూటీ దిగి, ఖాకీ బట్టలతోనే మా వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు.

"నూకాలప్పా, పిల్ల రేపు ఇసాపట్నం ఎల్తాదట కదా, ఏదో కాలేజీలో ఇంటర్వూకి. తొలి బస్సు నాదే. వీధి సివర ఆపుతాను, సెప్పు."

"నువ్వే చెప్పు, లోపలుంది" అన్నాను.

హిమజ బయటికొచ్చి, "టీ పెట్టనా బాబాయ్?" అనేసింది. అని నాలిక కరుచుకుంది.

గౌరునాయుడు చెప్పులు అటూ ఇటూ కదిపాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. అరుగు మీద కూర్చున్నాడు.

టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టి, హిమజ పరీక్షలో జవాబు చెప్పినట్టు చేతులు కట్టుకుని చెప్పింది. "నీళ్ళు. రాజారావు గేదె పాలు, పొద్దున పిండినవి, కాచినవి. టీపొడి. అల్లం, తొక్క తీసి దంచింది. రెండు ఏలక్కాయలు. ఇంకేం లేదు బాబాయ్."

అతను గ్లాసుకేసి చూశాడు, దాని మొహంకేసి చూశాడు. ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు.

"పంచదారేదే?"

"భయమేసి వెయ్యలేదు."

గ్లాసు ముందుకి జరిపాడు. "ఎయ్యి. సెప్పి మరీ ఎయ్యి."

హిమజ డబ్బా తెచ్చి, చెంచా నింపి, గ్లాసు మీద పట్టుకుని ఆగింది.

"పంచదార, బాబాయ్."

"ఊఁ" అన్నాడు గౌరునాయుడు.